మూడో అంతస్తులో గాలి తక్కువ

పాతకాలపు యంత్రాలు మూగవి. చెడిపోతే చెడిపోయేవి, అంతే. నొప్పి ఎక్కడో మనమే తడిమి తెలుసుకోవాలి. ఇప్పటివాటికి నోరెక్కువ. కాస్త గాలి తగ్గితే ఫోనుకి కబురు, కాస్త వేడి పెరిగితే ఫోనుకి కబురు, పైమూత సరిగ్గా బిగించకపోతే దానికీ ఒక కబురు. అలాగని ఏదైనా తేల్చి చెబుతాయా అంటే అదీ లేదు. ఫలానాచోట బాగాలేదని గోల పెడతాయి గాని, ఎందుకు బాగాలేదో చెప్పమంటే మొహం చాటేస్తాయి.

ఆ పెద్ద బట్టల దుకాణం మేడమీద కొత్తగా పెట్టిన యంత్రాల్లో ఒకటి కొన్నాళ్ళుగా ఇదే వరస. అంతస్తుకొకటి చొప్పున పెట్టారు. ఎండాకాలం చల్లగాలి, చలికాలం వేడిగాలి, రెండూ ఒకే డబ్బాలోంచి వస్తాయి. మిగతావన్నీ బుద్ధిగా పనిచేస్తున్నాయి. మూడో అంతస్తుది మాత్రం రోజూ మధ్యాహ్నం భోజనాలు కాగానే "గాలి తక్కువ" అని ఫోనుకి కబురు పంపి, ఎర్రదీపం వెలిగించుకుని, అలిగినట్టు ఆగిపోతుంది. మెకానిక్కు వచ్చి మీట నొక్కితే అసలేమీ జరగనట్టు మళ్ళీ మొదలవుతుంది.

ఆ మెకానిక్కు ఓ ఆడపిల్ల. యంత్రాలు పెట్టిన కంపెనీలో అందరూ ఆమెను పానా పిల్ల అంటారు. చేతిలో పానా లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరట. మొదట్లో వెక్కిరింతగా పుట్టిన పేరే గాని, ఆమె దాన్ని దర్జాగా పెట్టేసుకోవడంతో వెక్కిరించినవాళ్ళకి సరదా పోయింది, పేరు మిగిలింది.

ఈ దుకాణం బాధ్యత ఆమె అడిగి మరీ తీసుకుంది. ఇంకా పెద్ద పెద్ద భవనాలు ఇస్తామన్నా వద్దంది. కారణం కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. ఈ దుకాణం నేలమాళిగలో ఆమె నాన్న జీవితమంతా చల్లయంత్రం నడిపాడు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఆయన తిరిగిన మెట్లమీద తిరగాలని, ఆయన చూసుకున్న గాలిని తను చూసుకోవాలని ఆమె ఆశ. అంతకుమించి ఏమీ లేదు.

ఆ ఆశకే ఇప్పుడు ఎసరొచ్చింది. పొద్దున్నే సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

"రేపు దుకాణం యజమాని వస్తున్నాడు. ఆయన ముందు ఆ మిషన్ ఆగిందనుకో, నిన్నక్కడ ఉంచడం నా చేతిలో ఉండదు. ఇంకొకళ్ళని పంపించేస్తా."

"ఇవాళ తేల్చేస్తానండీ."

"ఇదే మాట మొన్నా చెప్పావు. సరే గాని, అక్కడ పొయ్యిగారని ఒకాయన ఉన్నాడు చూడు, పాత బాయిలర్ ఆపరేటరు. ఆయన మీద ఓ కన్నేసి ఉంచు. మనం వచ్చి ఆయన పొయ్యి ఆర్పేశాం. కడుపుమంట ఉంటుందిగా."

పొయ్యిగారు ఆమెకి పెదనాన్న అవుతాడు. అమ్మ అక్కగారి మొగుడు. ఆ ముక్క కూడా కంపెనీలో ఎవరికీ తెలియదు.

పెదనాన్నా నాన్నా తోడల్లుళ్ళు. ఒకే దుకాణం, ఒకే నేలమాళిగ. మధ్యలో ఒక గోడ, గోడకి ఒక తలుపు. అటువైపు పెదనాన్న బాయిలర్ నడిపేవాడు, ఇటువైపు నాన్న చల్లయంత్రం నడిపేవాడు. దుకాణంలో జనం ఒకరిని పొయ్యిగారు, ఇంకొకరిని మంచుగారు అనేవారు. ఇద్దరికీ మాటల్లేవు. గొడవ ఎంత చిన్నదంటే చెప్పుకోవడానికే సిగ్గేస్తుంది. ఎవరిదో పెళ్ళిలో, పక్కన కూర్చున్న పెద్దమనిషి "మీ దుకాణంలో ఏం చల్లగా ఉంటుందండీ" అని నాన్నని మెచ్చుకున్నాడు. పెదనాన్న ఊరుకోవచ్చు కదా. "నేను పొయ్యి తగ్గించబట్టి గాని, లేకపోతే ఆ చల్లదనం ఎక్కడిది?" అన్నాడు. నాన్న తినే కంచం ముందునుంచి లేచి వచ్చేశాడు. ఆ రోజునుంచి మాటలు బంద్. అక్కచెల్లెళ్ళిద్దరూ మొదట్లో సర్దిచెప్పబోయారు. తర్వాత, మాట్లాడుకున్న రోజులకంటే ఇదే ప్రశాంతంగా ఉందని కనిపెట్టి, వాళ్ళ మానాన వాళ్ళని వదిలేశారు.

ఆ ఇద్దరికీ అన్నాలు తీసుకెళ్ళే పని చిన్నప్పుడు పానా పిల్లది. సెలవురోజుల్లో రెండు చేతుల్లో రెండు క్యారియర్లతో నేలమాళిగ మెట్లు దిగేది. కుడివైపు వెళ్తే వెచ్చన, ఎడమవైపు వెళ్తే చల్లన. చలికాలం బడి లెక్కలు పెదనాన్న పక్కన కూర్చుని చేసేది, ఎండాకాలం నాన్న పక్కన. పెద్దవాళ్ళిద్దరూ తలుపుకి చెరోపక్కా వీపులు ఆనించుకుని కూర్చునేవారు. ఒకరు దగ్గితే ఇంకొకరికి వినిపించేటంత దూరం. మాటలు మాత్రం ఆమె మీదుగా వెళ్ళాల్సిందే.

"మీ నాన్నతో చెప్పమ్మా, మొదటి అంతస్తులో జనం వణికిపోతున్నారట. కాస్త దయ తలచమను."

"మీ పెదనాన్నతో చెప్పు, వణికేది జనం కాదు, ఆయన పొయ్యిలో నిప్పు."

ఆమె అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేది. ఇంకాస్త ఉప్పూకారం కూడా జోడించేది. రెండువైపులా చెరో బిస్కెట్టు ముట్టేది. అంత తీపి ఉద్యోగం ఆమె మళ్ళీ చేయలేదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో బిస్కెట్టు పొడీ, ముక్కులో నూనె వాసనా తగిలినట్టుంటుంది ఆమెకి.

ఇప్పుడా నేలమాళిగ బోసిపోయింది. బాయిలర్ని ముక్కలుగా కోసి పట్టుకెళ్ళారు. చల్లయంత్రం కూర్చున్నచోట నేలమీద నల్లటి మరక మిగిలింది. కొత్త యంత్రాలు కుదురుకునేదాకా ఉండమని దుకాణంవాళ్ళు అడిగితే, పెదనాన్న ఆ ఖాళీలో ఒక బల్ల వేసుకుని కూర్చుంటున్నాడు. రోజుకి కొన్నిసార్లు అన్ని అంతస్తులూ తిరిగొస్తాడు. అలవాటు.

నిజం చెప్పాలంటే ఆమెకి ఆయన మీద ఒక కోపం ఉంది. నాన్న పోయిన మర్నాడు ఇంటినిండా జనం ఉంటే, పెదనాన్న చొక్కా తొడుక్కుని దుకాణానికి వచ్చేశాడు. ఆ ఒక్కరోజైనా ఆగలేకపోయాడా అని ఆమెకి ఇప్పటికీ మింగుడుపడలేదు. పంతం అంత గట్టిదా అనిపించింది. పెద్దమ్మ మొహం చూసి పైకి అనలేదు.

ఫోన్ పెట్టేసి ఆమె మేడమీదికెక్కింది. గాలి తక్కువ అన్న ఫిర్యాదుకి ఉండే కారణాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. గాలి వడకట్టే జల్లెడకి దుమ్ము పట్టాలి, లేదా బెల్టు వదులవ్వాలి, లేదా ఫ్యాను తప్పు దిక్కులో తిరగాలి. ఇవన్నీ ఇదివరకే చూసింది. అయినా మళ్ళీ చూసింది. జల్లెడ తీసి వెలుతురుకి ఎత్తిపట్టింది, కడిగిన పళ్ళెంలా ఉంది. బెల్టు బొటనవేలితో నొక్కింది, ఎంత లొంగాలో అంతే లొంగింది. గాలి ఒత్తిడి కొలిచే చిన్న గొట్టంలో పురుగేదైనా దూరిందేమోనని ఊది చూసింది. గ్యాసు కొలిచింది. అన్నీ బాగానే ఉన్నాయి. రోగి ఒళ్ళంతా బాగుంది, రోగం మాత్రం రోజూ వేళకి వస్తోంది. ఆమెకి తల బొప్పి కట్టింది.

అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ ఆమె కబురు వచ్చాక బయల్దేరేది. వేరేచోట పని ముగించుకుని, వాహనాల రద్దీలో పడి, ఇక్కడికి చేరేసరికి సాయంత్రం టీ వేళయ్యేది. ఆగిపోయాక వచ్చిందే గాని, ఆగుతుండగా ఒక్కసారీ చూడలేదు. ఇవాళ అన్నం మానేసైనా సరే మూడో అంతస్తులోనే కూర్చోవాలనుకుంది.

మూడో అంతస్తులో వెనకవైపు దర్జీల గది. దాని వెనక, పనివాళ్ళ మెట్లవైపు, బట్టల లోపల వేసే అస్తరు గుడ్డ తానులు పేర్చుకునే చిన్నగది. ఆ మెట్ల దగ్గర, కొత్త బట్టలకోసం ఎదురుచూస్తున్న బొమ్మలు కొన్ని సిగ్గూ శరమూ లేకుండా నిలబడి ఉన్నాయి. వాటి వెనక మెట్టుమీద కూర్చుంది. తలెత్తితే గాలిగొట్టం కనబడుతుంది. ఆ గొట్టం దర్జీల గదికీ తానుల గదికీ పోతుంది. చల్లటి గాలి హాయిగా వస్తోంది. దర్జీలు అన్నాలు తిని మళ్ళీ మిషన్లు తొక్కడం మొదలెట్టారు.

కిందనుంచి అడుగుల చప్పుడు. పెదనాన్న. భుజంమీద గుడ్డ, కళ్ళు సగం మూతలు. ప్రతి అంతస్తు దగ్గరా ఆగి గోడమీద అరచెయ్యి పెట్టి చూసి, ఫ్యాను చప్పుడు విని ఎక్కుతున్నాడు. మూడో అంతస్తు మెట్ల మలుపు దగ్గరికి రాగానే ఆయన ఎడమచెయ్యి దానంతట అదే పైకి లేచింది. గొట్టం పక్కన ఇనప పిడి ఒకటుంది. లోపల గాలికి అడ్డుపడే రేకు తలుపు, డాంపర్ అంటారు, దాని పిడి. పైకైనా చూడకుండా ఆయన దాన్ని తిప్పేశాడు. గాలి టక్కున తగ్గింది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పాతరోజుల్లో నేలమాళిగలోని మహా ఫ్యాను దుకాణమంతటికీ గాలి తోసేది. ఇక్కడొక తలుపు మూస్తే ఆ గాలి ఇంకోవైపు పోయేది, ఎవరికీ తెలిసేది కాదు. ఈ కొత్త ఫ్యాను ఒక్క అంతస్తుకే సరిపడా చిన్నది. సగం దారి మూసేస్తే దాని గొంతు నొక్కినట్టే. కాసేపు చూసి చూసి ఆగిపోతుంది. సూపర్‌వైజర్ మాటే నిజమన్నమాట. సొంత పెదనాన్నే తన నోటిదగ్గర కూడు తన్నేస్తున్నాడు.

లేచి వెనకే వెళ్ళింది. పెదనాన్న తానుల గది ముందునుంచి పోతున్నాడు. పోయే తీరు వింతగా ఉంది. మునివేళ్ళమీద నడుస్తున్నాడు. ఓరగా తెరిచి ఉన్న గది తలుపుని చప్పుడవకుండా దగ్గరికి లాగాడు.

"పెదనాన్నా, ఏం చేస్తున్నారు మీరు?"

ఆయన వెనక్కి తిరిగి పెదాలమీద వేలు పెట్టుకున్నాడు. "మెల్లగా మాట్లాడమ్మా, లేస్తాడు" అన్నాడు.

అని, తలుపు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. వేలు పెదాలమీదే ఉండిపోయింది. కాసేపటికి చెయ్యి కిందికి దించి, అక్కడున్న బొమ్మల పీటమీద కూలబడ్డాడు. ఆమె జేబులో ఫోను మూలిగింది. మూడో అంతస్తులో గాలి తక్కువ.

ఆమె వెళ్ళి గది తలుపు తీసింది. తానులు తప్ప ఎవరూ లేరు. తానుల మధ్య మనిషి పట్టేటంత చోటు ఉంది. సరిగ్గా దాని పైన గాలి వచ్చే కంత.

"నాన్న ఇక్కడ పడుకునేవాడా?"

"మధ్యాహ్నం తిన్నాక కాసేపు. దర్జీలు ఏమీ అనేవాళ్ళు కాదు. ఆ కంత కిందే తల పెట్టేవాడు, ఎంత చెప్పినా... ఎవరు చెప్తారులే, మాటలుంటే కదా. చల్లగాలి తిన్నగా మెడమీద పడేది. సాయంత్రానికి మెడ పట్టేసి, ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పేవాడు. ఇంట్లో మీ పెద్దమ్మ చెప్తుంటే వినేవాణ్ణి. చెల్లెలు కాపడం పెట్టలేక చస్తోందని."

"అందుకని మూసేవారా?"

"పడుకున్నాక మూసేవాణ్ణి. టీ వేళకి మళ్ళీ వచ్చి తెరిచేవాణ్ణి." రోజూ ఆమె వచ్చేసరికి అన్నీ బాగానే ఉండటం ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

"రోజూనా?"

"ఆయన సెలవు పెట్టని ప్రతిరోజూ." పెదనాన్న తన ఎడమచేతిని ఎవరిదో అయినట్టు చూసుకున్నాడు. "ఇప్పటికీ మూస్తున్నానని నాకు తెలీదమ్మా. ఒట్టు. నీ మిషన్ ఆగిపోయేది నావల్లా?"

ఆమెకి కోపం ఎప్పుడు పోయిందో తెలియలేదు. పక్కనే నేలమీద కూర్చుంది.

"నాన్నకి తెలుసా?"

"తెలిస్తే ఇంకేమైనా ఉందా? లేచి వెళ్ళి తెరిచేవాడు."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నాన్న ఇంట్లో ఎన్నిసార్లు చెప్పేవాడో ఆ గది గొప్ప. ఆ మాట ఇప్పుడు పెదనాన్నకి చెప్పింది, చిన్నప్పటిలాగే, నాన్న గొంతుతో సహా. "మూడో అంతస్తులో ఒక చిన్నగది ఉంది. నేను కళ్ళు మూసుకోగానే గాలి దానంతట అదే నెమ్మదిస్తుంది. మెడనొప్పి పోయింది. అలా కుదిరింది నా గాలి లెక్క. మీ పెదనాన్న వల్ల అవుతుందా అది?"

పెదనాన్న భుజాలు కదిలాయి. నవ్వాడు. నవ్వి నవ్వి భుజంమీది గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్నకొద్దీ నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

"ఆయన లెక్కట" అన్నాడు. "ఎంత పొగరు మనిషమ్మా మీ నాన్న."

"మరి ఆయన పోయిన మర్నాడే పనికి వచ్చేశారేం?" అడగాలని అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది.

"ఇంట్లో కూర్చుంటే లేడని తెలిసిపోతోంది. ఇక్కడికొస్తే పైనెక్కడో పడుకున్నాడనుకోవచ్చు."

రెండేళ్ళుగా మోస్తున్న కోపం ఎంత అన్యాయమైనదో ఆమెకి అప్పుడు తెలిసింది. ఆయన చేతిమీద చెయ్యి వేసి కూర్చుంది.

చేయాల్సిన పని మాత్రం తప్పదు. రేకు తలుపు పూర్తిగా తెరిచి, అక్కడే బిగించి, పిడి ఊడదీసేయాలి. ఇంకెవరి చెయ్యీ తిప్పడానికి వీల్లేకుండా. పానా తీసింది. పెదనాన్న తనే చేస్తానన్నాడు. ఆ బోల్టులు ఎన్నోసార్లు బిగించి ఊడదీసిన చెయ్యి అది. పానా బోల్టుకి తగిలించి అలాగే ఆగిపోయాడు.

"నువ్వే తియ్యమ్మా" అన్నాడు చివరికి. "నావల్ల కాదు. ఇది తీసేస్తే ఆయన్ని లేపేసినట్టుంటుంది."

ఆమె తీసింది. ఏళ్ళ తరబడి ఒకే చోట చెయ్యి పడి పడి పిడి నున్నగా మెరుస్తోంది. దాన్ని ఆయన చేతిలో పెట్టింది. ఆయన గుడ్డలో చుట్టుకుని కిందికి దిగాడు.

సాయంత్రం సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసింది.

"దొరికిందండీ. గొట్టంలో చేత్తో తిప్పే డాంపర్ ఒకటుంది. దాన్ని మూస్తున్నారు. తప్పు మనదే. మిషన్ పెట్టినరోజే దాన్ని బిగించేసి ఉండాల్సింది. తిప్పొద్దని మనం ఎవరికీ చెప్పలేదు కూడా."

"మూసిందెవరు?"

"మా పెదనాన్న."

"మీ పెదనాన్న అక్కడేం చేస్తున్నాడు?"

"పొయ్యిగారే మా పెదనాన్న. కావాలని చెయ్యలేదండీ. పాత అలవాటు. ఆయన్ని ఎవరైనా ఒక్క మాటన్నా నేను ఒప్పుకోను."

"ఈ సంగతి మొదటే చెప్పొచ్చుగా."

"చెబితే నాకీ చోటు ఇచ్చేవారా?"

"ఇచ్చేవాణ్ణి కాదు" అన్నాడు ఆయన, ఉన్నమాట చెబుతూ. "సరే, రేపు ఆగకపోతే ఎవరిమీదా మాట రాదు. ఆ దుకాణం నీదే. ఆగితే మాత్రం నన్నేమీ అడక్కు."

మర్నాడు యజమాని వచ్చాడు. సూపర్‌వైజర్ ఆయన వెనకే నీడలా తిరిగాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పానా పిల్ల ఫోను చేతిలో పట్టుకుని మూడో అంతస్తు మెట్లమీద కూర్చుంది. దర్జీలు మిషన్లు తొక్కుతున్నారు. గాలి ఒకే వరసలో వస్తోంది. యజమాని దర్జీల గదిలోకి తొంగిచూసి, "చల్లగా బావుందే" అని ముందుకు పోయాడు. సూపర్‌వైజర్ ఆమె వంక చూసి తలూపాడు.

రోజూ కబురు వచ్చే వేళ అయింది. దాటిపోయింది. ఫోను మూలగలేదు. ఆమె కోరుకున్నదంతా ఆ నిశ్శబ్దంలోనే ఉంది. ఈ దుకాణం ఆమెకే మిగిలింది, ఈ మెట్లు ఆమెకే మిగిలాయి. సంతోషించాలి కదా. ఆమె మాత్రం ఫోను వంకే చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్ళూ రోజూ ఈ వేళకి, ఈ పెద్ద భవనంలో ఎవరో ఒకరు నాన్న మెడకి గాలి తగలకుండా చూస్తున్నారు. యంత్రం ఫోను చేసి మరీ ఆ సంగతి చెబుతుంటే, తను మీట నొక్కి నోరు మూయిస్తూ వచ్చింది. ఇక ఆ కబురు రాదు.

పెదనాన్న మెట్లెక్కి వచ్చాడు. మలుపు దగ్గర చెయ్యి లేచింది. పిడి ఉండాల్సినచోట వేళ్ళు గాలిలో తడుముకుని, మెల్లగా కిందికి దిగాయి. ఆయన తానుల గదివైపు పోకుండా వచ్చి ఆమె పక్కన మెట్టుమీద కూర్చున్నాడు.

"వచ్చిందా?" అన్నాడు ఫోను వంక చూస్తూ.

"రాలేదు పెదనాన్నా."

ఆయన తలూపాడు. ఇద్దరూ గోడకి వీపులు ఆనించి, టీ వేళదాకా అక్కడే కూర్చున్నారు.